సిస్కో రూటర్లు, స్విచ్‌లలో ప్రాంప్ట్ చదవడం: ఏ మోడ్‌లో ఉన్నాం, ఎలా వెళ్లాలి, ఎలా బయటపడాలి

అమీర్‌పేటలో నెట్‌వర్కింగ్ కోర్సులో చేరినవాళ్లు చాలామంది మొదటి వారంలోనే కమాండ్ల జాబితా ఒకటి రాసుకుని బట్టీ పట్టేస్తారు. పరీక్షకు అది పనికొస్తుంది. ఉద్యోగంలో చేరి లైవ్ నెట్‌వర్క్ ముందు కూర్చున్నాక కొంప ముంచేది మాత్రం బాగా తెలిసిన కమాండే. వేరే బాక్సులోనో (రూటరైనా స్విచ్ అయినా బాక్సే అంటాం), వేరే మోడ్‌లోనో ఉండి దాన్ని కొట్టేస్తాం. నువ్వెక్కడున్నావో ప్రతి లైను మొదట్లో డివైస్ చెబుతూనే ఉంటుంది, దాన్నే ప్రాంప్ట్ అంటారు. మనమే చూడం.

ఈ మార్గదర్శి ప్రధానంగా సిస్కో ఐఓఎస్ గురించి, అంటే ఆ కంపెనీ రూటర్లు, స్విచ్‌లను నడిపే సాఫ్ట్‌వేర్ గురించి. చివర్లో జునిపర్, హువావే, మైక్రోటిక్ కంపెనీల బాక్సుల సంగతి కొంచెం చెబుతాను. చేతిలో అసలు రూటర్ లేకపోతే ప్యాకెట్ ట్రేసర్ అనే సిమ్యులేటర్ చాలు, సిస్కో నెట్‌వర్కింగ్ అకాడమీలో ఖాతా తెరిస్తే ఉచితంగా దొరుకుతుంది. ఒక్క మాట: కమాండ్లు, ప్రాంప్ట్‌లు ఇక్కడ తెలుగు లిపిలో రాశాను. డివైస్‌లో మాత్రం ఇంగ్లీషులోనే కొట్టాలి.

ముందు కనెక్ట్ అవ్వండి

కొత్త బాక్సుకు ఐపీ అడ్రస్ ఉండదు కాబట్టి కంప్యూటర్‌ను నేరుగా బాక్సుకు కలిపే కన్సోల్ కేబుల్ తప్పదు. పుటీ, టెరా టర్మ్ లాంటి టెర్మినల్ ప్రోగ్రాంలో సీరియల్ ఎంచుకుని స్పీడ్ 9600, డేటా బిట్స్ 8, ప్యారిటీ లేదు, స్టాప్ బిట్ 1, ఫ్లో కంట్రోల్ లేదు అని పెట్టండి. స్క్రీన్ మీద పిచ్చి గుర్తులు వస్తుంటే ముందుగా అనుమానించాల్సింది స్పీడ్‌నే.

కాన్ఫిగరేషన్ ఏమీ లేని బాక్సు బూట్ అయ్యాక, ఇనీషియల్ కాన్ఫిగరేషన్ డైలాగ్‌లోకి వెళ్తారా అని అడుగుతుంది. 'నో' అని పూర్తిగా టైప్ చేసి ఎంటర్ కొట్టండి. అది ఒక్కో ప్రశ్న అడుగుతూ సెటప్ చేయించే పద్ధతి. నేర్చుకునేవాళ్లకు దానివల్ల ఒరిగేదేమీ లేదు, పొరపాటున వెళ్తే కంట్రోల్-సీ కొట్టి బయటికి రావచ్చు. తర్వాత రిటర్న్ నొక్కమంటుంది. నొక్కగానే మొదటి ప్రాంప్ట్ కనిపిస్తుంది:

రూటర్>

ప్రాంప్ట్‌లో చూడాల్సినవి మూడు

మొదటిది డివైస్ పేరు. రెండోది బ్రాకెట్‌లో ఏమైనా ఉంటే అది. మూడోది చివరి గుర్తు. పేరు ఏ బాక్సో చెబుతుంది, బ్రాకెట్ ఆ బాక్సులో ఏ మూలన ఉన్నారో చెబుతుంది, గుర్తు మీకెంత అధికారం ఉందో చెబుతుంది.

చివర్లో > ఉంటే అది యూజర్ ఎగ్జెక్ మోడ్. ఇక్కడ చూడటమే తప్ప మార్చడం కుదరదు. పింగ్, ట్రేస్‌రూట్, షో వెర్షన్ లాంటివి నడుస్తాయి. షో రన్నింగ్-కాన్ఫిగ్ నడవదు. మొదటి షాక్ అందరికీ ఇక్కడే తగులుతుంది, కమాండ్ స్పెల్లింగ్ సరిగ్గానే ఉన్నా బాక్సు ఒప్పుకోదు.

ఎనేబుల్ అని కొడితే ప్రివిలేజ్డ్ ఎగ్జెక్ మోడ్‌లోకి వెళ్తారు, > పోయి # వస్తుంది:

రూటర్>ఎనేబుల్
పాస్‌వర్డ్:
రూటర్#

పాస్‌వర్డ్ కొడుతుంటే స్క్రీన్ మీద చుక్కలు, నక్షత్రాలు ఏవీ రావు. కీబోర్డు పని చేయడం లేదేమోనని కంగారు పడకండి. మూడుసార్లు తప్పు కొడితే 'బ్యాడ్ సీక్రెట్స్' అని చెప్పి మళ్లీ > దగ్గరే నిలబెడుతుంది. వెనక్కి రావడానికి డిసేబుల్ అనే కమాండ్ ఉంది కానీ దాన్ని వాడేవాళ్లు అరుదు.

# కనిపించగానే సర్వాధికారాలూ వచ్చేశాయని అనుకోకండి. ఐఓఎస్‌లో ప్రివిలేజ్ లెవెల్స్ 0 నుంచి 15 వరకు ఉంటాయి. > అంటే మామూలుగా లెవెల్ 1. పూర్తి అధికారం 15. మధ్యలో 2 నుంచి 14 వరకు ఏ లెవెల్ ఇచ్చినా ప్రాంప్ట్ #గానే కనిపిస్తుంది. కంపెనీలో ఇచ్చిన లాగిన్‌తో కాన్ఫిగర్ టెర్మినల్ నడవకపోతే, షో ప్రివిలేజ్ కొట్టి చూడండి. మీ లెవెల్ ఎంతో చెప్పేస్తుంది. కొన్ని చోట్ల లాగిన్ అవగానే నేరుగా #లోనే దిగుతారు, అడ్మిన్ ఆ యూజర్‌కు ముందే లెవెల్ 15 ఇచ్చి ఉంటారు.

మార్చే చోటు: కాన్ఫిగ్ మోడ్

ఇప్పుడు ఈ వరుస మొత్తం ఒకసారి మీరే కొట్టండి. ప్రతి ఎంటర్ తర్వాత ప్రాంప్ట్ ఎలా మారుతోందో గమనించండి:

రూటర్#కాన్ఫిగర్ టెర్మినల్
రూటర్(కాన్ఫిగ్)#హోస్ట్‌నేమ్ గుంటూరు-ఆర్1
గుంటూరు-ఆర్1(కాన్ఫిగ్)#ఇంటర్ఫేస్ గిగాబిట్‌ఈథర్నెట్ 0/0
గుంటూరు-ఆర్1(కాన్ఫిగ్-ఐఎఫ్)#ఐపీ అడ్రస్ 192.168.10.1 255.255.255.0
గుంటూరు-ఆర్1(కాన్ఫిగ్-ఐఎఫ్)#నో షట్‌డౌన్

హోస్ట్‌నేమ్ కొట్టిన మరుక్షణమే ప్రాంప్ట్‌లో పేరు మారిపోయింది. ఐఓఎస్‌లో ఎంటర్ కొట్టడం అంటే మార్పు అప్పుడే అమలైపోవడం. సేవ్ చేస్తే గానీ అమల్లోకి రాదనుకుంటే బోల్తా పడతారు. నడుస్తున్నది రన్నింగ్-కాన్ఫిగ్, అది ర్యామ్‌లో ఉంటుంది. సేవ్ చేయడం అంటే దాన్ని స్టార్టప్-కాన్ఫిగ్‌గా ఎన్‌వీర్యామ్‌లోకి (కరెంటు పోయినా చెరగని మెమరీలోకి) కాపీ చేయడం, రీబూట్ తర్వాత కూడా అది నిలవడం కోసం.

(కాన్ఫిగ్)# గ్లోబల్ కాన్ఫిగరేషన్ మోడ్. మొత్తం డివైస్‌కు వర్తించేవి ఇక్కడ కొడతాం. ఇక్కడి నుంచి లోపలికి గదులు చాలా ఉన్నాయి. లైన్ కన్సోల్ 0 కొడితే (కాన్ఫిగ్-లైన్)#. రూటర్ ఓఎస్‌పీఎఫ్ 1 కొడితే (కాన్ఫిగ్-రూటర్)#. స్విచ్‌లో వీలాన్ (ఒకే స్విచ్‌లో విడదీసిన నెట్‌వర్క్) కోసం వీలాన్ 20 కొడితే (కాన్ఫిగ్-వీలాన్)#. సబ్-ఇంటర్ఫేస్ అయితే (కాన్ఫిగ్-సబ్ఐఎఫ్)#, కొన్ని పోర్టులు కలిపి ఎంచుకుంటే (కాన్ఫిగ్-ఐఎఫ్-రేంజ్)#. అన్నీ గుర్తు పెట్టుకోనక్కర్లేదు, పేరు చూస్తే అర్థమయ్యేలానే ఉంటాయి.

ఇంతకన్నా ముఖ్యమైన సంగతి వేరే ఉంది. (కాన్ఫిగ్-ఐఎఫ్)# అన్న ప్రాంప్ట్ మీరు ఏదో ఒక ఇంటర్ఫేస్‌లో, అంటే పోర్టులో, ఉన్నారని మాత్రమే చెబుతుంది. ఏ ఇంటర్ఫేస్‌లో ఉన్నారో చెప్పదు. 48 పోర్టుల స్విచ్‌లో పోర్టు 17 షట్ చేయాలి. అందులోకి వెళ్లారు, ఈలోగా ఫోన్ వచ్చింది, మాట్లాడుతూనే పోర్టు 48 కాన్ఫిగరేషన్ సరిచూద్దామని అందులోకి వెళ్లారు. ఫోన్ పెట్టేసి స్క్రీన్ చూస్తే అదే (కాన్ఫిగ్-ఐఎఫ్)#. షట్‌డౌన్ కొట్టారు. 48 అప్‌లింక్ (ఆ స్విచ్‌ను మిగతా నెట్‌వర్క్‌కు కలిపే పోర్టు) అయితే ఆ అంతస్తు మొత్తం డౌన్. కాబట్టి షట్‌డౌన్, నో ఐపీ అడ్రస్ లాంటివి కొట్టే ముందు ఇంటర్ఫేస్ పేరు మళ్లీ టైప్ చేయండి, అప్పటికే అందులోనే ఉన్నా సరే. పై బాణం కీ కొడితే పాత కమాండ్లు వస్తాయి కాబట్టి అది రెండు సెకన్ల పని.

ఇంకో విచిత్రం. ఇంటర్ఫేస్ మోడ్‌లో ఉండి గ్లోబల్ కమాండ్ కొట్టినా ఐఓఎస్ ఒప్పుకుంటుంది. (కాన్ఫిగ్-ఐఎఫ్)# దగ్గర హోస్ట్‌నేమ్ కొడితే పేరు మారుతుంది, మీరు చప్పుడు లేకుండా (కాన్ఫిగ్)#కు వచ్చేస్తారు. అలాగే ఒక ఇంటర్ఫేస్ నుంచి బయటికి రాకుండానే ఇంకో ఇంటర్ఫేస్‌లోకి దూకవచ్చు. సౌకర్యమే, కానీ ఆ తర్వాతి కమాండ్ ఇంకా ఇంటర్ఫేస్‌లోనే ఉన్నాననుకుని కొట్టేవాళ్లకు ఇబ్బంది. ప్రాంప్ట్ మళ్లీ చూడాల్సిందే.

బయటికి వచ్చే దారులు

ఎగ్జిట్ ఒక్క మెట్టు వెనక్కి తెస్తుంది. (కాన్ఫిగ్-ఐఎఫ్)# నుంచి (కాన్ఫిగ్)#, అక్కడి నుంచి #. # దగ్గర ఇంకోసారి కొడితే సెషనే పోతుంది, కొత్తవాళ్లు ఎగ్జిట్, ఎగ్జిట్ అంటూ అలవాటుగా కొట్టేసి లాగౌట్ అయిపోతుంటారు. ఎండ్ అయితే ఎంత లోపల ఉన్నా ఒక్కసారిగా #కు తెస్తుంది.

కంట్రోల్-జడ్, కంట్రోల్-సీ రెండూ #కే తెస్తాయి కదా, ఏదైతే ఏం అనుకోవద్దు. లైనులో సరైన కమాండ్ టైప్ చేసి ఉండగా కంట్రోల్-జడ్ కొడితే, ఆ కమాండ్ అమలై ఆ తర్వాత బయటికి వస్తారు. సగంలో మనసు మార్చుకుని 'షట్‌డౌన్' అన్న మాట స్క్రీన్ మీద ఉండగానే కంట్రోల్-జడ్ కొడితే పోర్టు డౌన్ అయినట్టే. వద్దనుకున్న లైనును వదిలేసి రావాలంటే కంట్రోల్-సీ. ఉన్నచోటే ఉండి లైను మాత్రం చెరిపేయాలంటే కంట్రోల్-యూ.

కాన్ఫిగ్ మోడ్‌లో ఉండి షో కమాండ్ కావాలంటే బయటికి రానక్కర్లేదు. ముందు 'డూ' తగిలించండి: డూ షో ఐపీ ఇంటర్ఫేస్ బ్రీఫ్. పింగ్‌కు కూడా ఇది పని చేస్తుంది.

పది నిమిషాలు ఏమీ కొట్టకపోతే సెషన్ దానంతటదే మూసుకుంటుంది, డిఫాల్ట్ అదే. టీ తాగి వచ్చి చూస్తే మళ్లీ > దగ్గర ఉంటారు. ల్యాబ్‌లో విసుగనిపిస్తే లైన్ మోడ్‌లో ఎగ్జెక్-టైమౌట్ 0 0 పెట్టుకోండి. కంపెనీ బాక్సులో మాత్రం వద్దు.

ప్రశ్నార్థకం, మూడు తిట్లు

ప్రశ్నార్థకం కొడితే ఆ మోడ్‌లో ఏమేం కొట్టవచ్చో జాబితా వస్తుంది. ఎంటర్ కూడా అక్కర్లేదు. ఇక్కడ స్పేస్‌కు చాలా విలువ ఉంది. సీ, ఎల్ అని రెండక్షరాలు కొట్టి వెంటనే ? పెడితే ఆ అక్షరాలతో మొదలయ్యే కమాండ్లు చూపిస్తుంది: క్లియర్, క్లాక్. క్లాక్ అని కొట్టి స్పేస్ ఇచ్చి ? పెడితే క్లాక్ తర్వాత ఏం రావాలో చూపిస్తుంది. ఇలా ఒక్కో మాటా అడుగుతూ పోతే ఎప్పుడూ చూడని కమాండ్‌ను కూడా పూర్తి చేయవచ్చు. జాబితాలో <సీఆర్> కనిపిస్తే ఇక్కడితో ఎంటర్ కొట్టవచ్చని అర్థం.

పూర్తి మాట కొట్టాల్సిన పని లేదు. ఇంకో కమాండ్‌తో కలవనంత వరకు అక్షరాలు కొడితే చాలు, అందుకే అందరి నోటా 'కాన్ఫ్ టీ'. ట్యాబ్ కొడితే మిగతా అక్షరాలు అదే నింపుతుంది. నేర్చుకునే రోజుల్లో ట్యాబ్ వాడటమే మేలని నా అభిప్రాయం, పూర్తి మాట కంటికి అలవాటవుతుంది.

తేడా వస్తే బాక్సు మూడు రకాలుగా తిడుతుంది. 'యాంబిగ్యువస్ కమాండ్' అంటే మీరు కొట్టిన అక్షరాలు ఒకటి కన్నా ఎక్కువ కమాండ్లకు సరిపోతున్నాయి. # దగ్గర సీ, ఓ, ఎన్ అని మూడే కొడితే కాన్ఫిగర్ అనుకోవాలా, కనెక్ట్ అనుకోవాలా దానికి తెలియదు. నాలుగో అక్షరం కూడా కొడితే సరి. 'ఇన్‌కంప్లీట్ కమాండ్' అంటే ఇంకా ఏదో చెప్పాలి. ఐపీ అడ్రస్ 192.168.10.1 కొట్టి సబ్‌నెట్ మాస్క్ మరిచిపోతే వచ్చేది ఇదే.

మూడోది 'ఇన్‌వ్యాలిడ్ ఇన్‌పుట్', దీంతో పాటు ^ గుర్తు. చాలామంది ఆ గుర్తును పట్టించుకోకుండా కమాండ్ మొత్తం మళ్లీ టైప్ చేస్తారు. అది ఎక్కడ ఉందో చూడండి. లైను మధ్యలోనో చివరనో ఉంటే అక్కడ స్పెల్లింగో విలువో తప్పింది. మొదటి మాట దగ్గరే ఉండి, స్పెల్లింగ్ కూడా సరిగ్గా ఉంటే, ఎక్కువసార్లు మీరు మోడ్ తప్పారు. > దగ్గర కాన్ఫిగర్ టెర్మినల్ కొట్టినా, (కాన్ఫిగ్)# దగ్గర 'డూ' లేకుండా షో కొట్టినా ఇదే వస్తుంది. కమాండ్‌ను అనుమానించే ముందు కళ్లు ఎడమవైపు ప్రాంప్ట్ మీదికి పోవాలి.

ప్రాంప్ట్ కాని ప్రాంప్ట్‌లు

కొన్నిసార్లు స్క్రీన్ ఏదో అడుగుతున్నట్టు ఆగిపోతుంది. అది మోడ్ కాదు, మధ్యలో వేసిన ప్రశ్న.

--మోర్-- అని ఉంటే ఇంకా చూపించాల్సింది ఉంది. స్పేస్ ఒక పేజీ, ఎంటర్ ఒక లైను, క్యూ కొడితే బయటికి. మొత్తం ఆగకుండా రావాలంటే ముందే టెర్మినల్ లెంగ్త్ 0 కొట్టండి. లాగ్ కాపీ చేసుకునేటప్పుడు ఇది చాలా అవసరం.

చదరపు బ్రాకెట్‌లో ఉన్నది డిఫాల్ట్ జవాబు. కాపీ రన్నింగ్-కాన్ఫిగ్ స్టార్టప్-కాన్ఫిగ్ కొడితే డెస్టినేషన్ ఫైల్‌నేమ్ [స్టార్టప్-కాన్ఫిగ్]? అని అడుగుతుంది. ఇక్కడ ఎంటర్ కొట్టాలి. 'ఎస్' అని టైప్ చేస్తే దాన్ని ఫైలు పేరుగా తీసుకుంటుంది. [కన్ఫర్మ్] అని ఉంటే మాత్రం అప్రమత్తం. రీబూట్ చేసే రీలోడ్, స్టార్టప్-కాన్ఫిగ్ చెరిపేసే రైట్ ఎరేజ్ లాంటి వాటి దగ్గర వచ్చేది అదే, అక్కడ ఎంటర్ అంటే సరే అన్నట్టే.

నోట్‌ప్యాడ్ నుంచి పెద్ద కాన్ఫిగరేషన్ పేస్ట్ చేసేవాళ్లు ఈ ప్రశ్నలతోనే దెబ్బతింటారు. మధ్యలో ఆర్ఎస్ఏ కీ తయారు చేసే కమాండ్ ఉందనుకోండి, కీ సైజు ఎన్ని బిట్లు అని అడుగుతుంది. పేస్ట్‌లోని తర్వాతి లైను ఆ ప్రశ్నకు జవాబుగా వెళ్లిపోతుంది. అంటే ఆ లైను కాన్ఫిగరేషన్‌లోకి చేరదు. ప్రశ్న అడిగే కమాండ్లను విడిగా కొట్టి, మిగతాది పేస్ట్ చేయండి.

# దగ్గర ఒక్క మాట స్పెల్లింగ్ తప్పు కొడితే, అదేదో కంప్యూటర్ పేరనుకుని దానికి టెల్‌నెట్ చేయడానికి (దూరం నుంచి లాగిన్ అవడానికి), పేర్లకు అడ్రస్‌లు చెప్పే డీఎన్ఎస్‌లో వెతకడం మొదలుపెడుతుంది. 'ట్రాన్స్‌లేటింగ్' అని చూపిస్తూ అలాగే నిలబడిపోతుంది. కంట్రోల్, షిఫ్ట్, 6 కలిపి నొక్కితే ఆగుతుంది, ఆగని పింగ్‌కు కూడా ఇదే మందు. ల్యాబ్‌లో అయితే మొదటే నో ఐపీ డొమైన్-లుకప్ కొట్టేయండి.

లాగిన్ అయ్యేవాళ్లకు కనిపించే బ్యానర్ పెట్టేటప్పుడు ముగింపు గుర్తు కొట్టడం మరిచిపోతే అసలు ప్రాంప్టే రాదు. ఏం కొట్టినా బ్యానర్‌లో భాగం అనుకుంటుంది. మొదట ఏ గుర్తుతో మొదలుపెట్టారో అదే మళ్లీ కొట్టండి.

కన్సోల్‌లో టైప్ చేస్తుంటే మధ్యలో 'కాన్ఫిగర్డ్ ఫ్రమ్ కన్సోల్' లాంటి లాగ్ మెసేజ్ వచ్చి లైను చెడగొడితే కంట్రోల్-ఆర్ నొక్కండి, మీరు కొట్టింది మళ్లీ చూపిస్తుంది. లైన్ మోడ్‌లో లాగింగ్ సింక్రనస్ పెడితే ఈ బెడద తగ్గుతుంది.

దూరం నుంచి పని చేసేటప్పుడు

హైదరాబాద్‌లో కూర్చుని శ్రీకాకుళంలోని రూటర్ మారుస్తున్నారు. మీ రిమోట్ లాగిన్ (ఎస్ఎస్‌హెచ్) వెళ్లే దారినే మీరు మూసేస్తే ఇక ప్రాంప్ట్ రాదు, అక్కడ ఎవరో ఒకరు వెళ్లి కన్సోల్ పెట్టాలి. చాలా వీలాన్లను మోసే ట్రంక్ పోర్టులో వీలాన్ 30 చేర్చబోయి 'యాడ్' అన్న మాట మరిచిపోతే, పాత వీలాన్లన్నీ పోయి 30 ఒక్కటే మిగులుతుంది. ఇలాంటి పనికి ముందు ఈ వరుస పాటించండి.

మొదట ప్రస్తుత కాన్ఫిగరేషన్ సేవ్ చేయండి. # దగ్గర రీలోడ్ ఇన్ 10 కొట్టండి. పది నిమిషాల తర్వాత రీబూట్ అవ్వమని బాక్సుకు చెప్పినట్టు. ఇప్పుడు మార్పు చేయండి, కానీ సేవ్ చేయకండి. లింక్ పోతే కంగారు పడకుండా ఆగండి, రీబూట్ అయి పాత స్టార్టప్-కాన్ఫిగ్‌తో లేస్తుంది. అంతా బాగుంటే రీలోడ్ క్యాన్సిల్ కొట్టి, ఆ తర్వాతే సేవ్ చేయండి. క్యాన్సిల్ మరిచిపోతే మాత్రం పని మంచిగా జరిగినా సైట్ డౌన్ అవుతుంది, అందుకే ఫోన్‌లో టైమర్ పెట్టుకోవడం తప్పు కాదు.

రెండు మూడు బాక్సులకు ఒకేసారి లాగిన్ అయి ఉంటే హోస్ట్‌నేమ్‌లే దిక్కు. అన్నింటికీ 'రూటర్' అనో 'స్విచ్' అనో వదిలేసిన నెట్‌వర్క్‌లో పని చేయాల్సి వస్తే మొదటి పనిగా పేర్లు పెట్టించండి. ఊరు, అంతస్తు, వరుస నంబరు ఉంటే చాలు.

బూటే కాకపోతే: రోమ్‌మాన్

రోమ్‌మాన్ 1 > అని కనిపిస్తే ఐఓఎస్ అసలు లోడ్ కాలేదని, బూట్ చేసే చిన్న ప్రోగ్రాం దగ్గరే ఆగిపోయారని అర్థం. చివర్లో > ఉంది కదా అని ఎనేబుల్ కొడితే పలకదు. పక్కన ఉన్న అంకె కమాండ్ కొట్టిన కొద్దీ పెరుగుతుంది, అంతే. ఫ్లాష్ మెమరీలో ఐఓఎస్ ఫైలు పోయినా, పాడైనా, బూట్ మొదట్లో ఎవరైనా బ్రేక్ నొక్కినా ఇక్కడికే వస్తారు. డిర్ ఫ్లాష్: కొట్టి ఫైలు ఉందేమో చూసి, ఉంటే బూట్ ఫ్లాష్: పక్కన ఆ ఫైలు పేరు ఇవ్వండి.

పాస్‌వర్డ్ మరిచిపోయిన రూటర్‌ను తెరిచేదీ ఇక్కడి నుంచే. కాన్ఫిగ్ రిజిస్టర్‌ను (ఎలా బూట్ అవ్వాలో చెప్పే విలువను) 0ఎక్స్2142 చేస్తే బూట్ అయ్యేటప్పుడు స్టార్టప్-కాన్ఫిగ్‌ను పట్టించుకోదు. పని అయ్యాక మామూలు విలువ 0ఎక్స్2102కు మార్చాలి. మార్చకపోతే ప్రతి రీబూట్‌కూ రూటర్ కొత్త పెళ్లికూతురిలా ఖాళీగా లేస్తుంది, కాన్ఫిగరేషన్ ఎక్కడికి పోయిందని అందరూ తలలు పట్టుకుంటారు. సిస్కో క్యాటలిస్ట్ స్విచ్‌లలో ఇలాంటి చోట ప్రాంప్ట్ 'స్విచ్:' అని కోలన్‌తో ఉంటుంది.

వేరే కంపెనీల బాక్సులు

సిస్కోలోనే నెక్సస్ స్విచ్‌లలో కాన్ఫిగ్ మోడ్‌లో షో కమాండ్‌కు 'డూ' అక్కర్లేదు. ఐఓఎస్ ఎక్స్ఆర్‌లో ఎంటర్ కొడితే మార్పు అమలు కాదు, కమిట్ కొట్టాలి. కొట్టకుండా బయటికి వస్తే అడుగుతుంది.

జునిపర్‌లో > ఆపరేషనల్ మోడ్, # కాన్ఫిగరేషన్ మోడ్. సిస్కో అలవాటున్నవాళ్లు ఇక్కడే పొరబడతారు: సిస్కోలో ఒట్టి # దగ్గర ఇంకా కాన్ఫిగరేషన్ మార్చలేరు, జునిపర్‌లో # అంటే అప్పటికే మార్చే చోట ఉన్నారు. ప్రాంప్ట్ పైన [ఎడిట్] అన్న లైను మీరు ఏ భాగంలో ఉన్నారో కూడా చూపిస్తుంది. 'డూ' బదులు 'రన్'. రిమోట్ పనికి కమిట్ కన్ఫర్మ్‌డ్ వాడండి, మీరు మళ్లీ ఖాయం చేయకపోతే పది నిమిషాల్లో దానంతటదే పాతదానికి వెళ్తుంది, రీబూట్ లేకుండా. రూట్‌గా లాగిన్ అయి % కనిపిస్తే అది యూనిక్స్ షెల్, సీఎల్ఐ అని కొట్టి లోపలికి వెళ్లాలి.

హువావేలో గుర్తులే వేరు. <హువావే> యూజర్ వ్యూ, సిస్టమ్-వ్యూ కొడితే [హువావే]. ఇంటర్ఫేస్‌లోకి వెళ్తే దాని పేరు ప్రాంప్ట్‌లోనే కనిపిస్తుంది, ఈ ఒక్క విషయంలో సిస్కో కన్నా ఇదే నయం. షో బదులు డిస్‌ప్లే, నో బదులు అన్‌డూ, ఎగ్జిట్ బదులు క్విట్.

చిన్న ఇంటర్నెట్ ప్రొవైడర్ల దగ్గర కనిపించే మైక్రోటిక్‌లో ప్రాంప్ట్ [అడ్మిన్@మైక్రోటిక్] > అని ఉంటుంది. వేరే మోడ్‌లంటూ లేవు, కొట్టింది వెంటనే అమలవుతుంది, సేవ్ కూడా అయిపోతుంది. అందుకే మార్పు ముందు కంట్రోల్-ఎక్స్ నొక్కి సేఫ్ మోడ్‌లోకి వెళ్లండి, ప్రాంప్ట్‌లో <సేఫ్> కనిపిస్తుంది. మధ్యలో కనెక్షన్ తెగితే ఆ మోడ్‌లో చేసిన మార్పులు వెనక్కి పోతాయి. అంతా బాగుంటే కంట్రోల్-ఎక్స్ మళ్లీ నొక్కితే మార్పులు ఖాయమవుతాయి, వద్దనుకుంటే కంట్రోల్-డీ.